పదిహేడో నంబరు మగ చిట్టెలుక

మా పిన్ని ముప్పయ్యొక్క ఏళ్ళపాటు చిట్టెలుకల మెదళ్ళు కోసింది. చిన్నప్పుడు ఎవరైనా "మీ పిన్ని ఏం పని చేస్తుంది?" అని అడిగితే సరిగ్గా ఈ ముక్కే చెప్పేదాన్ని. అడిగినవాళ్ళు అరడుగు వెనక్కి వేసేవాళ్ళు. వాళ్ళ మొహాలు చూడటం నాకు భలే సరదాగా ఉండేది.

ఆవిడ పనిచేసే ల్యాబులో అందరూ ఆవిణ్ణి కోతల పిన్ని అనేవాళ్ళు. నాకొక్కదానికే పిన్ని కావలసిన మనిషి, జీతమిచ్చేవాళ్ళందరికీ పిన్ని అయి కూర్చుంది. కోతలు కోసేవాళ్ళు గొప్పలు చెప్పుకుంటారని లోకం అంటుంది కానీ, ఈవిడ నోట తన గురించి ఒక్క గొప్ప మాట నేను వినలేదు. "చెయ్యి తప్పదమ్మా నాకు" అని మాత్రం ఎప్పుడైనా అనేది, అదీ బయట వాన పడుతోందని చెప్పినంత మామూలుగా.

ఆవిడ గది మూడో అంతస్తులో చివరిది. కిటికీ అద్దాలకి నీలం కాగితం అంటించి ఉండేది, ఎండ పడితే రంగులు వెలిసిపోతాయని. గది మధ్యలో నడుమెత్తు తెల్ల పెట్టె. దాని లోపల ఎప్పుడూ మంచే. మంచులో ఒక కత్తి, కత్తి ముందు గడ్డకట్టిన మెదడు. చిట్టెలుక మెదడంటే ఎంతుంటుంది, చిటికెనవేలి చివరంత. పిన్ని పక్కనున్న చక్రం ఒక్కసారి తిప్పితే ఒక్క పొర ఊడొచ్చేది. వెంట్రుకలో సగం మందం కూడా ఉండదు ఆ పొర. బొమ్మలు వేసుకునే కుంచె ఒకటి, రెండో నంబరుది, దాని చివర రెండు పోచలు మాత్రం ఉంచి మిగతావి కత్తిరించేసేది. ఆ కుంచెతో పొరని ఎత్తి, గుంటల పళ్ళెంలో ఒక ఉప్పునీళ్ళ గుంటలో వదిలేది. అప్పటిదాకా చుట్టుకుపోయిన పొర నీళ్ళలో మెల్లగా విప్పుకునేది, పొద్దున్నే ఒళ్ళు విరుచుకునే పసిపిల్లలాగా.

సెలవుల్లో నేను ఆ గదిలో ఎత్తు స్టూలు మీద కూర్చుని చూస్తూ ఉండేదాన్ని. చక్రం తిరిగిన చప్పుడు, కాసేపు ఏమీ లేదు, మళ్ళీ చక్రం. చూస్తూ చూస్తూ ఉంటే కళ్ళ ముందు నీలం వెలుతురు తప్ప ఏదీ మిగిలేది కాదు. కునుకు పట్టి స్టూలు మీంచి రెండుసార్లు కిందపడ్డాను. పిన్ని చక్రం ఆపకుండానే "దెబ్బ తగిలిందా?" అని అడిగింది. పొర మధ్యలో ఆపితే మెదడు పాడవుతుందట. నా మోచెయ్యి సంగతి తర్వాత చూడొచ్చట.

ఆ ల్యాబులో వెతికేది ఒక్కటే. ఆడ చిట్టెలుక మెదడుకీ మగ చిట్టెలుక మెదడుకీ హార్మోన్లు వినడంలో తేడా ఎక్కడుంది, ఎంతుంది అని. హార్మోన్లు వినడమేమిటని పదేళ్ళప్పుడు అడిగాను. పిన్ని కుంచె తుడుచుకుంటూ చెప్పింది.

"వీధిలో నిలబడి ఎవరో ఒక పేరు పెట్టి కేకేశారనుకో. కేక అందరి చెవినా పడుతుంది. ఆ పేరు గలవాడే కదా తిరిగి చూసేది? హార్మోను ఆ కేక. రక్తంతోపాటు ఒళ్ళంతా తిరుగుతుంది. మెదడులో కొన్ని కణాలకే దాన్ని పట్టుకునే రిసెప్టర్లు ఉంటాయి. అవే తిరిగి చూస్తాయి. మిగతావి తమని కాదనుకుని ఊరుకుంటాయి."

"ఆడవాటికీ మగవాటికీ వేరే వేరే కేకలా?"

"కేకలు రెండింట్లోనూ అవీ ఇవీ ఉంటాయి. తిరిగి చూసేవాళ్ళు ఏ వీధిలో ఎంతమంది అన్నదే తేడా. అదైనా సగటు మీద. ఒక్కొక్కదాన్ని తీసుకుంటే, మగవాటిలో ఎక్కువున్నదీ ఆడవాటిలో తక్కువున్నదీ పక్కపక్కనే నిలబడొచ్చు."

రంగు మందు వేస్తే ఆ రిసెప్టర్లున్న కణాలు గోధుమరంగు చుక్కలుగా కనబడేవి. కంటినరాలు రెండూ కలిసే చోటికి కాస్త పైన, మెదడు అడుగున, ఒక చిన్న ప్రాంతం ఉంది. ఈస్ట్రోజెన్ రిసెప్టర్లు అక్కడ ఆడవాటిలో దట్టంగా, మగవాటిలో కొంచెం పలచగా ఉంటాయి. మైక్రోస్కోపులో చూస్తే నాకు అన్నీ ఒక్కలాగే ఉండేవి. పిన్నికి మాత్రం చూడగానే తెలిసిపోయేది.

తెలిసినా చెప్పకూడదు. ఆ ల్యాబులో అది గట్టి నియమం. మెదడు సీసాలో వస్తుంది, సీసా మీద నంబరు తప్ప ఏమీ ఉండదు. ఏ నంబరు ఆడ, ఏది మగ అన్న జాబితా కవరులో పెట్టి, అంటించి, ల్యాబు నడిపే పెద్ద మేడమ్ తన సొరుగులో దాచేవారు. కోసేవాళ్ళకీ లెక్కపెట్టేవాళ్ళకీ తెలిస్తే, ఉన్నది కాకుండా ఉండాలనుకున్నది కనబడుతుందట. అందుకని పిన్ని అక్కడ నోరు కుట్టేసుకునేది. ఇంటికొచ్చాక చెప్పులు విడుస్తూ బాబాయితో "ఇవాళ ఇద్దరాడ, ఒక మగ" అనేది. బాబాయి "సుఖంగా కోయించుకున్నారా?" అనేవాడు. నాకు ఊహ తెలిసినప్పటినుంచీ మా ఇంట్లో సాయంత్రం మొదలయ్యేది ఆ రెండు మాటలతోనే.

ఇక బాబాయి గురించి చెప్పకపోతే ఈ కథకి అర్థం లేదు. ఆయన ఇంట్లోనే ముందుగదిలో కుట్టుమిషను పెట్టుకుని కర్టెన్లూ, కుర్చీల గలీబులూ కుట్టేవాడు. మా అమ్మ పోయేటప్పటికి నాకు ఏడాది పది నెలలు. నాన్న అంతకుముందే ఎటో పోయాడు, ఎటు పోయాడో కనుక్కోవాలని నాకెప్పుడూ అనిపించలేదు. అమ్మకి చెల్లెలు కాబట్టి పిన్ని నన్ను తెచ్చుకుంది. తెచ్చుకున్నదే గానీ ఆవిడ ఎత్తుకుంటే నేను గుక్కపట్టేదాన్నట, చేతులు చల్లగా ఉండేవేమో మరి. రక్తసంబంధం మచ్చుకి కూడా లేని బాబాయి, మిగిలిపోయిన కర్టెను గుడ్డతో నన్ను గుండెకి కట్టుకుని మిషను తొక్కాడు. నెలల తరబడి అలాగే తొక్కాడు. ఇప్పటికీ ఎక్కడైనా మిషను చప్పుడు వింటే నాకు ఆవలింతలొస్తాయి.

కాకిపిల్ల కాకికి ముద్దు అంటారు. కాకి కానివాడికి కూడా ముద్దవుతుందని చెప్పే సామెత ఏదైనా ఉంటే బాగుండేది. చుట్టుపక్కలవాళ్ళు ఊరుకుంటారా? పెళ్ళాం కత్తి పట్టుకుని పనికెళ్తే మొగుడు పిల్లకి జడలేస్తున్నాడని నవ్వేవాళ్ళు. "మీ ఇంట్లో మీసాలెవరివయ్యా?" అని ఒకాయన మొహం మీదే అడిగాడు. బాబాయి తలెత్తకుండా "మీసాలూ నావే, పాలసీసా కూడా నాదే" అన్నాడు. మళ్ళీ అడగలేదు ఆయన.

పిన్ని రిటైరవడానికి ఇంకో వారం ఉందనగా ఈ పదిహేడో నంబరు గొడవ వచ్చిపడింది.

ఒక సన్నపాటి పరిశోధకురాలు, మూడేళ్ళుగా అదే పని మీద ఉన్నది, నలభై చిట్టెలుకల మెదళ్ళు పూర్తిగా లెక్కపెట్టింది. ఇరవై ఆడ, ఇరవై మగ. సోమవారం పెద్ద మేడమ్ సొరుగులోంచి కవరు తీసి విప్పారు. అంకెలన్నీ అనుకున్నట్టే సర్దుకున్నాయి. ఒక్క పదిహేడు తప్ప. జాబితాలో అది మగది. చుక్కలేమో మగవాటన్నిటినీ దాటి, ఆడవాటిలోనూ ముందువరసలో నిలబడ్డాయి. పిన్ని చెప్పిన పక్కపక్కనే నిలబడే బాపతు కాదు అది, మరీ దూరం.

పదహారూ పదిహేడూ ఒకేరోజు కోసినవి. పదహారు ఆడది. పదహారో నంబరు పొరలే పదిహేడో నంబరు గుంటల్లో కూడా పడ్డాయేమో అని పరిశోధకురాలికి అనుమానం వచ్చింది. పాపం ఆ పిల్లని అనడానికీ లేదు. శుక్రవారం పట్టిక అప్పగించాలి, అందులో ప్రతి నంబరుకీ ఎదురుగా కారణాలు రాసే గడి ఒకటుంటుంది, లెక్కలోంచి తీసేసిన జంతువుని ఎందుకు తీసేశారో అక్కడ రాయాలి. పదిహేడుకి ఎదురుగా పెన్సిలుతో రాసింది: "కోతలో పొరపాటు." పెన్సిలుతో ఎందుకంటే, శుక్రవారం సిరా పెడతారట.

ఆ రెండు మాటలు పిన్ని కళ్ళారా చూసింది.

"పిన్నిగారూ, మిమ్మల్ని అనడం కాదు" అందట ఆ అమ్మాయి, గొంతు సన్నం చేసుకుని. "ఎవరికైనా జరుగుతుంది."

"ఎవరికైనా జరుగుతుంది, నిజమే" అందట పిన్ని. "నాకు జరిగిందా లేదా అని నేనూ చూసుకుంటానమ్మా."

సీసా మీద నంబరు రాసింది ఆ అమ్మాయే. పొరపాటు అక్కడ కూడా జరగొచ్చు. ఆ మాట పిన్నికి తట్టకుండా ఉంటుందా? తట్టింది, అనలేదు. మందులో నానిన ముక్కల్లోంచి ఆడా మగా తేల్చే పరీక్ష ఆ ల్యాబులో లేదు. బయటికి పంపి తెప్పించేలోపు శుక్రవారాలు మూడు దాటిపోతాయి.

ఆ సాయంత్రం పిన్ని చెప్పులు విడిచి ఏమీ అనలేదు. బాబాయి కాసేపు ఎదురుచూసి మిషను ఆపేశాడు. అప్పుడు చెప్పింది జరిగిందంతా. చెప్పి, చివర్లో ఇంకో మాట అంది.

"ఆరోజు పదిహేడుని మైక్రోస్కోపులో చూసి ఆడదే అనుకున్నాను. మీతో కూడా చెప్పాను, ఇవాళ ఇద్దరూ ఆడే అని. గుర్తుందా?"

బాబాయికి గుర్తుంది. ఆయనకి అలాంటివన్నీ గుర్తుంటాయి.

"కంటిని నమ్మితే చెయ్యి తప్పినట్టు. చేతిని నమ్మితే కన్ను తప్పినట్టు. ఏది నమ్మను?" అని నా వైపు తిరిగింది.

నా వైపు ఎందుకంటే, నేను కళ్ళద్దాల దుకాణంలో పనిచేస్తాను. మూడు నెలల కింద ఆవిడ కళ్ళు పరీక్ష చేసింది నేనే. కుడికంటిలో శుక్లం మొదలైంది. ల్యాబులో చెప్పొద్దని నా చేత మాట తీసుకుంది. నేను ఎవరికీ చెప్పలేదు కానీ, ఆ సాయంత్రం ఆవిడ అడిగినప్పుడు అబద్ధం కూడా చెప్పలేకపోయాను.

"పొరపాటు జరిగే ఉండొచ్చు పిన్నీ. కుడికన్ను అలా ఉండగా..."

పిన్ని తలూపింది. కోపగించుకుని ఉంటే నాకు బాగుండేది. లేచి చేతులు కడుక్కుని వచ్చి, భోజనం వడ్డించి, తను మాత్రం కంచం ముందు ఊరికే కూర్చుంది. ముప్పయ్యొక్క ఏళ్ళలో ఆవిడ పేరు ఏ పుస్తకంలోనూ అచ్చుకాలేదు. ఆ ల్యాబు నుంచి వచ్చిన ప్రతి వ్యాసం ఆవిడ చేతిమీదుగా వచ్చిందే, అయినా పేర్ల వరసలో చోటు లేదు. మొదటిసారి ఆవిడ పని గురించి కాగితం మీద పడబోతున్న రెండు మాటలు ఇవీ. నేనూ వాటికి తలూపాను. ఆ సంగతి తలుచుకుంటే నాకు ఇప్పటికీ సిగ్గేస్తుంది.

మంగళవారం, బుధవారం ఆవిడ పాత పొరలన్నీ తీసి మళ్ళీ చూసుకుంది. పదహారుకి పొరలు ఎన్ని ఉండాలో అన్నే ఉన్నాయి. పదిహేడుకీ అన్నే. ఒకదాంట్లోంచి ఇంకోదాంట్లోకి పడితే ఇక్కడ తగ్గి అక్కడ పెరగాలి కదా. పరిశోధకురాలు విని, "కొన్ని పొరలు చిరిగిపోయి పారేస్తాం కదా పిన్నిగారూ, లెక్క అలా కూడా సరిపోవచ్చు" అంది. అదీ నిజమే. అవతలివాళ్ళు చెప్పేదాంట్లో న్యాయం ఉంటే పిన్ని వాదించలేదు. అదొక బలహీనత ఆవిడకి.

గురువారం తెల్లవారుతుండగా ఆవిడకి ఒక కల వచ్చింది. నీలం గది. మంచు పెట్టె మూత తీసి ఉంది. చక్రం దానంతటదే తిరుగుతోంది, పొరలు ఊడొచ్చి గాల్లో తేలుతున్నాయి, ఒక్కటీ కిందకి దిగడం లేదు. తను కుంచె పట్టుకుని వాటి మధ్య నడుస్తోంది. ప్రతి పొరమీదా గోధుమ చుక్కలు. దగ్గరికెళ్ళి చూస్తే చుక్కలన్నీ మొహాలు తిప్పి ఒకేవైపు చూస్తున్నాయట. ఎవరో పిలిచారు, అవి తిరిగి చూశాయి. పిలిచిందెవరో తనకి మాత్రం వినబడలేదు.

టీ తాగుతూ ఈ కల చెప్పింది మా ఇద్దరికీ. ఆవిడ కలలు చెప్పడం నేను అంతకుముందు ఎరగను. బాబాయి కప్పు కింద పెట్టాడు.

"నీ దగ్గరికి రాకముందు అదెక్కడుందే?"

"ఏది?"

"ఆ పదిహేడు. కత్తి కిందకి రాకముందు ఎక్కడో బతికింది కదా. అక్కడ దానికేం జరిగిందో?"

పిన్ని కూడా తన కప్పు కింద పెట్టేసింది. జంతువులుండే చోటు అదే భవనంలో నేలమాళిగలో ఉంది. మెట్లు దిగితే చాలు. ముప్పయ్యొక్క ఏళ్ళలో ఒక్కసారి కూడా దిగలేదు ఆవిడ. బతికున్నవాటి మొహం చూస్తే పైన చక్రం తిప్పలేనని, ఉద్యోగంలో చేరినరోజే తనకి తాను పెట్టుకున్న నియమం అది. మెదడు లోపలి వీధులన్నీ కంఠతా వచ్చిన మనిషికి, ఆ మెదడు మోసుకు తిరిగిన చిట్టెలుక ఎలా పరిగెత్తుతుందో తెలియదు.

గురువారం మా దుకాణానికి సెలవు. నేనూ వెంట వెళ్ళాను, చేసిన తప్పుకి అదొక్కటే చెయ్యగలిగింది.

నేలమాళిగ వెచ్చగా ఉంది. రంపపు పొట్టు వాసన. గోడల పొడుగునా అరలు, అరల్లో పారదర్శకమైన పెట్టెలు, ఒక్కో పెట్టెకీ ముందు ఒక చీటీ. లోపల పొట్టులో చిన్న చిన్న కదలికలు, ఎక్కడ చూసినా. పిన్ని గుమ్మంలోనే ఆగి గోడ పట్టుకుంది. వాటిని చూసుకునే కాపరి పెద్ద మనిషి, ఆ గది పైకప్పు ఆయనకి తక్కువే, గొంతు మాత్రం చీమ నడిచినంత. పెట్టెలు కడుగుతున్నవాడు పిన్నిని చూసి తడిచేతులతో నిలబడ్డాడు.

"అమ్మా, మీరు కిందికొచ్చారేంటి?"

"పదిహేడు నంబరు మీ దగ్గరే పెరిగింది కదా. దాని గురించి ఒక సంగతి అడగాలని."

గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు, ఆయన చెయ్యి వెంటనే జేబు మీదికి పోయింది. "దానికేం? బాగానే ఉండేది. అన్నిటికీ పెట్టిన మేతే పెట్టాను. చీటీలో అంతా రాసే ఉంది."

"చీటీలో రాయంది ఏమైనా ఉందా?"

ఆయన తడిచేతులు తుడుచుకున్నాడు. కుళాయి కారుతోంది, పిన్నే వెళ్ళి దాన్ని కట్టేసింది. అప్పుడు చెప్పడం మొదలుపెట్టాడు.

పక్క అరలో ఒక తల్లి చచ్చిపోయింది. మూడు పిల్లలు, పదహారు రోజులవి, కళ్ళు తెరిచి రెండు రోజులైంది. వాటికి ఇంకో తల్లి ఏదీ ఖాళీగా లేదు. తల్లి లేని పిల్లల్ని సాయంత్రంలోగా వదిలించెయ్యాలని రూలు. ఆయన చేతికి తొడుగు వేసుకుని, పెట్టె దించి, మూత తీశాడు. ఆపైన చెయ్యాల్సింది చెయ్యలేకపోయాడు.

"మెత్తగా తడిపి పెడితే మేత నాకుతాయమ్మా ఆ వయసులో. వెచ్చదనమే కావాలి. పదిహేడు నెమ్మదిగా ఉండేది, పెట్టెలో ఒక్కటే ఉండేది. మూడిటినీ దాని పెట్టెలో వదిలాను. మగవి కొన్ని పిల్లల్ని కొరికేస్తాయి, నాకు తెలుసు. చెయ్యి అడ్డం పెట్టుకుని చూస్తూ నించున్నాను. కొరకలేదు. వాసన చూసింది. పోయి మూలలో కూర్చుంది. మర్నాడు పొద్దున్నే వచ్చి చూస్తే పొట్టంతా ఒకచోటికి లాగి గూడు కట్టింది. మూడిటినీ కింద పెట్టుకుని పైన పడుకుంది. పన్నెండు రోజులు అలాగే ఉన్నాయి. మెదడు కోసం పైకి పంపాల్సిన రోజు పొద్దున పిల్లల్ని తీసేశాను. చీటీలో రాయలేదు. రాస్తే నా ఉద్యోగం ఉంటుందా?"

పిన్ని గోడ వదిలేసింది. ఆ క్షణంలో ఆవిడ మొహం నేను చూశాను. తన మీద పడ్డ మాట తొలగిపోతుందన్న సంతోషం ఆ మొహంలో ఇంకా రాలేదు. కలలో పిలిచిందెవరో తెలిసినట్టుగా ఉంది.

"రేపు పది గంటలకి దాని మీద కోతలో పొరపాటు అని సిరాతో రాస్తారు" అంది మెల్లగా. "నా చెయ్యి తప్పిందని. నాకు చాలా కష్టంగా ఉంది, మీకు అబద్ధం ఎందుకు చెప్పాలి? అయినా మీ సంగతి మీరే చెప్పాలి. నేను మాత్రం చెప్పను."

మెట్లెక్కుతూ నేను ఆగలేకపోయాను. "అదేంటి పిన్నీ? ఆయన చెప్పకపోతే?"

"చెప్పకపోతే లేదు. ఆయన ముగ్గురి ప్రాణాలు చూశాడు, నేను నా పేరు చూసుకుంటున్నాను. ఏది పెద్దదో నాకు లెక్క తెలుసు."

శుక్రవారం పొద్దున జరిగింది నేను చూడలేదు, పిన్ని చెప్పింది చెబుతున్నాను. తొమ్మిదిన్నర అయింది. పట్టిక బల్ల మీద ఉంది. పరిశోధకురాలు సిరా కలం మూత తీసింది. పిన్ని తన గదిలో కుంచెలు సర్దుకుంటోంది, రెండో నంబరువి పదకొండు. పావు తక్కువ పదికి కాపరి తలుపు దగ్గర తల వంచుకుని నిలబడ్డాడు. పైకి రావడం ఆయనకీ అదే మొదటిసారి.

పెద్ద మేడమ్ అంతా విన్నారు. విని, ఆయన్ని గట్టిగా చివాట్లు పెట్టారు. ఒక జంతువుని మిగతావాటికంటే వేరుగా ఉంచి ఆ సంగతి దాచడమంటే మూడేళ్ళ పనిలో మన్ను పోసినట్టేనని అన్నారు. ఉద్యోగం తీసేస్తానని మాత్రం అనలేదు. తర్వాత పరిశోధకురాల్ని పదిహేడు పొర మళ్ళీ పెట్టమని చెప్పి, మైక్రోస్కోపు మీదికి వంగి, చాలాసేపు అలాగే ఉండిపోయారు.

"పిల్లల దగ్గరున్న మగవాటిలో ఈ లెక్క మారొచ్చని ఇదివరకే కొందరు చూశారు" అన్నారు తల ఎత్తకుండానే. "ఒక్కదాన్ని పట్టుకుని మనం ఏమీ అనకూడదు. మొదటినుంచే దీనికి ఎక్కువ ఉండి ఉండొచ్చు. తెలుసుకోవాలంటే ఇరవై మగవాటితో మళ్ళీ మొదలుపెట్టాలి." కాస్త ఆగి, "కోతలో మాత్రం ఏ లోపమూ లేదు" అన్నారు.

పదిహేడు లెక్కలోంచి ఎలాగూ పోవాల్సిందే, మిగతావాటిలా పెరగలేదు కాబట్టి. పరిశోధకురాలు రబ్బరు తెచ్చి పెన్సిలు మాటలు తుడిచింది. తుడిచి, కలం పిన్ని చేతికిచ్చింది. "మీరే రాయండి పిన్నిగారూ" అంది. ముప్పయ్యొక్క ఏళ్ళలో పిన్ని ఆ పట్టికల్లో రాసిన మొదటి వాక్యం ఇది: "మగది. పన్నెండు రోజులు పిల్లల్ని సాకింది."

కన్నూ తప్పలేదు, చెయ్యీ తప్పలేదు. ఆ సాయంత్రం కుంచెల కట్టతో ఇంటికొచ్చి చెప్పులు విడుస్తూ పిన్ని ఈ మాటే అంది, మొదటిసారి ఆవిడ గొంతులో కాస్త గొప్ప వినబడింది. నేను ఆవిణ్ణి పట్టుకుని క్షమించమని అడిగాను. "నీ అద్దాలు మంచివే, ఊరుకో" అని నా నెత్తి మీద ఒకటిచ్చింది. తర్వాత కాపరి గడప దగ్గర ఎలా నిలబడ్డాడో, మేడమ్ ఎలా వంగి చూశారో, పూసగుచ్చినట్టు బాబాయికి చెప్పింది. ఆయన కర్టెను అంచు చేత్తో మడిచి కుడుతూ విన్నాడు. అంతా అయ్యాక అడిగాడు.

"మరి ఆ పిల్లలేమయ్యాయి?"

పిన్ని నా మొహం చూసింది, నేను ఆవిడ మొహం చూశాను. నేలమాళిగలో ఆయన పక్కన అంతసేపు నిలబడ్డాం, ఇద్దరిలో ఒక్కరమూ అడగలేదు. పైన మేడమ్ అడగలేదు, పరిశోధకురాలు అడగలేదు. పదిహేడు మెదడులో ఏముందో అందరికీ కావాల్సి వచ్చింది.

పిన్ని ఫోను తీసి కాపరికి చేసింది. మాకు ఇటువైపు మాటలే వినబడ్డాయి. "నేనండీ... లేదు, పట్టిక గురించి కాదు... ఆ పిల్లలు..." తర్వాత చాలాసేపు "ఊఁ" అంటూ వింది. ఫోను పెట్టేసి గుమ్మానికి ఆనుకుంది.

"మూడూ బాగున్నాయట. పెద్దవైపోయాయట. రెండాడ, ఒక మగ."

బాబాయి తలూపాడు. అయిపోయిన దారం తెంపి, సూదిలోకి కొత్తది ఎక్కించబోయాడు. రెండుసార్లు ప్రయత్నించాడు, కుదరలేదు. సూదీ దారం రెండూ నా చేతికిచ్చాడు.